లెక్కకెక్కని బిడ్డలు

భోపాల్ అనగానే చరిత్రకారులు బేగంలను తలుచుకుంటారు. 1819 నుంచి 1926 దాకా, మధ్యలో కొన్నేళ్లు తప్ప, ఆ సంస్థానాన్ని ముస్లిం స్త్రీలే ఏలారు. చివరి బేగం సుల్తాన్ జహాన్ పేరుతో అక్కడ జనానా ఆసుపత్రి వెలిసింది. ఆడవాళ్లు ఏలిన ఆ ఊళ్లోనే ఆడవాళ్ల కడుపుకోత మృతుల లెక్కకు అందకుండా పోయింది.

1984 డిసెంబరు 2 అర్ధరాత్రి యూనియన్ కార్బైడ్ పురుగుమందుల ఫ్యాక్టరీ నుంచి సుమారు 40 టన్నుల మిథైల్ ఐసోసైనేట్ పాత ఊరి మీదికి దిగింది. జయప్రకాశ్ నగర్, కాజీ క్యాంప్... అన్నీ రెక్కాడితేగాని డొక్కాడని బస్తీలే. గాలికి మతం లేదు, నిజమే. ఫ్యాక్టరీ గోడ పక్కన ఎవరు బతకాల్సి వస్తుందో మాత్రం పేదరికం నిర్ణయిస్తుంది. పాత భోపాల్లో ఆ పేదల్లో ముస్లింలు చాలామంది.

అది కళ్లు మండించే వాయువేనని, తడిబట్ట కప్పుకుంటే చాలని ఆ రోజు ఫ్యాక్టరీ వైపు నుంచి వచ్చిన కబురు. 'మంట' అనే మాటలోనే మోసముంది. కంటి మంట డాక్టరుకు కనపడుతుంది. కడుపులో బిడ్డ సంగతి ఎవరికి కనపడుతుంది? ఈ రసాయనం తడి తగిలిన చోటల్లా చర్య జరుపుతుంది. ఊపిరితిత్తులు దెబ్బతిని నీరు చేరితే తల్లి రక్తంలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. తల్లికే అందని ఊపిరి బిడ్డకెక్కడిది? గర్భంతో ఉన్న ఎలుకలకు ఈ వాయువు పట్టించిన ప్రయోగాల్లోనూ పిండాలు పెద్ద ఎత్తున నశించాయి.

దయా వర్మ అనే శాస్త్రవేత్త 1987లో ప్రచురించిన సర్వే చూడండి. ఫ్యాక్టరీకి కిలోమీటరు లోపల, ఆ రాత్రి గర్భవతులుగా ఉన్న 865 మంది స్త్రీలలో 43 శాతం మందికి బిడ్డ ప్రాణంతో దక్కలేదు. ప్రాణంతో పుట్టిన 486 మందిలో 14 శాతం నెల తిరక్కుండానే పోయారు. అదే తల్లులకు అంతకు ముందు రెండేళ్లలో పుట్టిన బిడ్డల్లో ఆ మరణాలు 3 శాతం మించలేదు. 1990లో వచ్చిన మరో అధ్యయనంలో గర్భస్రావాలు గ్యాసు సోకినవారిలో 24.2 శాతం, సోకనివారిలో 5.6 శాతం.

చనిపోయిన మనిషికి పేరుంటుంది, రేషన్ కార్డుంటుంది, ఖబరస్తాన్‌లో చోటుంటుంది. పుట్టకుండా పోయిన బిడ్డకు ఏముంది? 1989లో 47 కోట్ల డాలర్లకు బేరం కుదిరింది. 1991 తీర్పులో సుప్రీంకోర్టు ఆ బేరాన్ని నిలబెడుతూనే, ఇకముందు పుట్టబోయే పిల్లలకు వైద్య బీమా కల్పించమంది. అంటే హాని కడుపు దాకా పోయిందని కోర్టుకూ తెలుసు. అయినా 1994లో భారత వైద్య పరిశోధన మండలి భోపాల్ పరిశోధనలు ఆపేసింది. 2023లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం ఆనాడు తల్లి గర్భంలో ఉన్న మగపిల్లలకు పెద్దయ్యాక పనిచేయనివ్వని వైకల్యం, క్యాన్సర్ ముప్పు ఎక్కువగా కనిపించాయి. గాయం తరం దాటింది. లెక్క దాటలేదు.

ముస్లిం అస్తిత్వం గురించిన పుస్తకంలో గ్యాసు గొడవ ఎందుకని కొందరడగొచ్చు. మా ఆడవాళ్ల సమస్య అంటే బురఖా, తలాక్ దాటి చూడనివాళ్ల కోసమే ఇది. రషీదా బీ, చంపాదేవి శుక్లా ఒకే చోట స్టేషనరీ పని చేసుకున్న కూలీలు. ఒకరు ముస్లిం, ఒకరు హిందువు. ఇద్దరూ కలిసి కంపెనీ మీద కొట్లాడారు. 2004లో వచ్చిన గోల్డ్‌మన్ బహుమతి సొమ్ముతో వైకల్యంతో పుట్టిన పిల్లల కోసం చింగారీ ట్రస్టు పెట్టారు. బేగంల చరిత్ర రాసేవాళ్లు ఈ బీబీల చరిత్ర కూడా రాయాలి.

మనకిది దూరపు కథ కాదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురం మీద స్టైరిన్ ఆవిరి కమ్మింది. 12 మంది పోయారు. స్టైరిన్ వేరు, మిథైల్ ఐసోసైనేట్ వేరు. కానీ మొదట తట్టేది మంటే, మొదట వినపడే ఓదార్పు 'తగ్గిపోతుంది' అన్నదే. ఎక్కడ ఇలాంటి గాలి కమ్మినా మృతుల జాబితాతో పాటు, ఆ రోజు కడుపుతో ఉన్న ప్రతి తల్లి పేరూ రాసుకోవాలి. ఆ బిడ్డ పెద్దయ్యేదాకా ఆ కాగితం మూయకూడదు. భోపాల్ తల్లులు అడిగింది జాలి కాదు, లెక్క.