మనిషే సెన్సారు: భూకంప సమాచార సేకరణ చరిత్ర

పరిచయం

ప్రకృతి విపత్తులను గుర్తించడానికి నేడు సామాజిక మాధ్యమాల్లోని సందేశాలను కూడా పరిశీలిస్తున్నారు. ఈ సాధనం కొత్తదే కాని, దాని వెనుక ఉన్న ఆలోచన పాతది. భూకంపాలను ఉదాహరణగా తీసుకొని ఆ పరిణామాన్ని తెలుసుకుందాం.

లిస్బన్ ప్రశ్నావళి

1755 నవంబరు 1న సంభవించిన భూకంపం పోర్చుగల్ రాజధాని లిస్బన్‌ను ధ్వంసం చేసింది. తరువాతి కాలంలో పొంబాల్ మార్క్విస్‌గా ప్రసిద్ధుడైన మంత్రి దేశంలోని చర్చి పారిష్‌లకు ఒక ప్రశ్నావళి పంపించాడు. నేల ఎంతసేపు కంపించింది? ఎన్ని ఇళ్లు కూలాయి? సముద్రం ముందు పొంగిందా, వెనక్కి తగ్గిందా? మతాధికారులు రాసిన జవాబులు భూకంప అధ్యయనానికి విలువైన ఆధారాలయ్యాయి. అయితే ఉత్తరాల మీద సాగిన ఈ సేకరణ అప్పటికప్పుడు సహాయం పంపడానికి పనికివచ్చేది కాదు.

ట్విట్టర్ ప్రయోగాలు

2006లో మొదలైన ట్విట్టర్ ఈ ఆలస్యాన్ని నిమిషాలకు తగ్గించింది. 2010లో టోక్యో విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రతి వినియోగదారుణ్ణి ఒక సెన్సారుగా భావించి ట్వీట్లను విశ్లేషించారు. 'భూకంపం' అనే మాట ఉన్నంత మాత్రాన నేల కదిలినట్లు కాదు; భూకంపాలపై సదస్సుకు వెళ్తున్న వ్యక్తి కూడా ఆ మాటే రాస్తాడు. అందువల్ల నిజమైన అనుభవాలను వేరుచేయడం కంప్యూటరుకు నేర్పించారు. జపాన్ తీవ్రతా కొలమానంలో 3, అంతకు మించిన భూకంపాల్లో 96 శాతాన్ని ఈ పద్ధతి గుర్తించింది.

అమెరికా భూగర్భ సర్వే సంస్థ శాస్త్రజ్ఞులు 2011లో ప్రచురించిన అధ్యయనం ఈ పద్ధతి బలాన్నీ, పరిమితినీ చూపింది. ఐదు నెలల ట్వీట్ల ద్వారా 48 భూకంపాలు బయటపడ్డాయి. రెండుసార్లు మాత్రమే తప్పుడు సంకేతం వచ్చింది. సుమారు 75 శాతం గుర్తింపులు రెండు నిమిషాల్లోపే జరిగాయి. కాని అదే కాలంలో ఆ సంస్థ నమోదు చేసిన భూకంపాలు 5,175. పైగా ట్వీట్లను బట్టి మాత్రమే భూకంప పరిమాణాన్ని కచ్చితంగా చెప్పలేం.

పరిమితులు

2023 ఫిబ్రవరి 6న తుర్కియే, సిరియాలను భూకంపం కుదిపింది. రెండు రోజులకు తుర్కియేలో ట్విట్టర్ అందుబాటుకు కొంతసేపు ఆటంకం కలిగింది. శిథిలాల కింది వారి జాడ తెలిపే సందేశాలకు అదే దారి కావడంతో తీవ్ర నిరసన వ్యక్తమైంది.

ముగింపు

లిస్బన్ కాలంలో ఊరి తరఫున మతాధికారి మాట్లాడాడు. నేడు ఫోనూ, కరెంటూ, సిగ్నలూ ఉన్నవారు మాట్లాడుతున్నారు. సందేశాలు రాని ప్రాంతంలో నష్టం లేదని అనుకోరాదు; నష్టం ఎక్కువైనందువల్లే మాట రాకపోయి ఉండవచ్చు. సందేశాల సంఖ్యను బట్టే సహాయం పంపితే అటువంటి ఊళ్లు వెనుకబడతాయి. ఆధారం ఎవరి గొంతును వినిపిస్తోంది, ఎవరిది వినిపించడం లేదు అనే చరిత్రకారుని ప్రశ్న ఇక్కడా వర్తిస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: లిస్బన్ ప్రశ్నావళికీ, ట్వీట్ల విశ్లేషణకూ గల పోలికలు, భేదాలు వివరించండి.