నడుముకట్టు – మానని పుండు



చరిత్రమనగా రాజుల యుద్ధములు మాత్రమే కాదు. మనము కట్టు బట్టకును, కాల్చు చుట్టకును, వానివలన గలిగిన వ్యాధులకును గూడ చరిత్రము కలదు. చర్మమునకు వచ్చు క్యాన్సరు వ్యాధికి గల కారణములలో కొన్నిటిని వైద్యు లెట్లు కనిపెట్టిరో నేడు సంగ్రహముగా విన్నవించెదను.

మన ప్రాచీనులలో సుశ్రుతుడు మానని పుండును దుష్టవ్రణమనియు, పెరుగు గడ్డను అర్బుదమనియు వర్ణించెను. అయితే ఒక వృత్తివలన ఒక క్యాన్సరు పుట్టునని స్పష్టముగా జూపినవాడు లండను శస్త్రవైద్యుడు పెర్సివాల్ పాట్. 1775లో నాతడు, బాల్యమున పొగగొట్టములలో దూరి మసి తుడిచినవారికి పిదప అండకోశ చర్మమున పుండు పుట్టుచున్నదని ప్రకటించెను. కాశ్మీరమున చలికి నిప్పుల కుంపటిని అంగీలోపల నుంచుకొందురు. దానిని కాంగ్రీ యందురు. ఆ సెగ తగిలిన పొట్టమీదను, తొడలమీదను క్యాన్సరు పుట్టుటను 1866లో ఎల్మ్స్లీ యను వైద్యుడు వ్రాసెను.

ఇక మన యాచారమునకు వత్తము. బొంబాయి టాటా స్మారక వైద్యశాల 1941లో నెలకొనెను. అచ్చటి పరిశోధకుడు ఖనోల్కరు 1945లో ఆచారములవలన బుట్టు క్యాన్సరులను గూర్చి వ్రాయుచు, ధోవతి బిగించిన నడుమున బుట్టుదానిని వర్ణించెను. బిగికట్టు ఒకేచోట ఏండ్లతరబడి ఒరయగా చర్మము రంగు మారును, పొరలు లేచును, పిదప పుండగును. ఆ పుండు మానుచు మరల రేగుచు నుండగా, ఎన్నడో యొకనాడు క్యాన్సరుగా మారవచ్చును. స్త్రీల లంగాబొందు ఒరపిడివలనను నిదియే జరుగును.

మన తెలుగుదేశముననే మరియొక దృష్టాంతము కలదు. శ్రీకాకుళ ప్రాంతమున చుట్ట నిప్పుకొనను నోటిలో నుంచుకొని కాల్చుటను అడ్డపొగ యందురు. పిండ్‌బోర్గు మొదలగు శాస్త్రజ్ఞులు 10,169 మంది గ్రామవాసుల నోళ్లను పరీక్షించి, ఆ యలవాటు అంగిలికి జేయు హానిని 1971లో ప్రకటించిరి. చర్మమైనను, అంగిలిపొరయైనను ఏండ్లతరబడి బాధించిన చోటనే ముప్పు పుట్టుచున్నది.

ఇది గతించిన కథ కాదు. 2024లో వార్ధా, మధుబని వైద్యులు ఇట్టి యిద్దరు స్త్రీలను గూర్చి ప్రకటించిరి. అందొకతె 70 ఏండ్ల వృద్ధ. ఆమె నడుము ప్రక్కనున్న పుండు 18 మాసములు మానలేదు. రెండవ యామెకు రోగము గజ్జలలోని గ్రంథులకు బ్రాకెను.

పుండునుండి చిన్న ముక్కను దీసి సూక్ష్మదర్శినితో జూచినగాని రోగము నిశ్చయము కాదు. తొలిదశలో దానిని చుట్టునున్న కొంత మంచి చర్మముతో గోసివేసిన, పెక్కురకు స్వస్థత చేకూరును. గ్రంథులకు ప్రాకిన పిమ్మట చికిత్స కష్టతరము.

మా తలుపుల ప్రాంతమున వేరుసెనగ చేలలో కలుపు దీయు స్త్రీలు నడుము బిగించి పగలెల్ల వంగి పనిచేయుదురు. అమ్మలారా! ఈ రోగ మరుదు, కావున భయపడవలదు. బొందును వదులుగా గట్టుడు. ముడి చోటు మార్చుచుండుడు. వెడల్పు పట్టీ మరియు మేలు. నడుమున మచ్చ పుండై కొన్ని వారములకును మానకున్నచో, సిగ్గుపడి దాచక, పసుపు పూసి కాలము గడపక, వైద్యునకు జూపుడు. ఆ వృద్ధకు గడచిన 18 మాసములు మీకు గడవకుండుగాక!