స్టర్మీ-ఆర్చర్ ఏడబ్ల్యూ హబ్
ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో స్టర్మీ-ఆర్చర్ సంస్థ 1936లో ప్రవేశపెట్టిన ఈ మూడు గేర్ల హబ్, అంటే గేర్లన్నీ లోపలే ఇమిడిన వెనుక చక్రపు నడిబొడ్డు, రాలీ వంటి పాత ఇంగ్లీషు సైకిళ్ల పునరుద్ధరణలో తక్కువ చిక్కు పెట్టే భాగమనే చెప్పాలి. మధ్య గేరులో చక్రం వెనుక పళ్లచక్రంతో సమంగా తిరగగా, పై గేరులో అంతకన్నా మూడో వంతు వేగంగా, కింది గేరులో నాలుగో వంతు నెమ్మదిగా తిరుగుతుంది. ఏళ్లతరబడి వాడని హబ్‌లో నూనె జిగురుగా గట్టిపడి, పాల్స్ అనే చిన్న కొక్కేలు అంటుకుపోవడం సాధారణ లోపం కనుక, పలుచని నూనె పోస్తే చాలాసార్లు తేరుకుంటుంది. అసలు ఇబ్బంది ఫ్రేముతోనే: పెడల్ ఇరుసు కప్పులకు రాలీ అంగుళానికి 26 మరచుట్ల సొంత కొలత వాడినందున, 24 చుట్ల సాధారణ కప్పులు ఆ ఫ్రేములకు పట్టవు; అందుచేత అరిగినవైనా పాత కప్పులను పారవేయరాదు.