ఇంటి డాక్టరు ఇచ్చిన ఉత్తరం



కాన్సరు అనగానే మనకు పెద్ద పెద్ద ఆసుపత్రులే గుర్తుకొస్తాయి. బొంబాయిలో 1941 లో మొదలైన టాటా ఆసుపత్రి, మద్రాసు అడయారు, హైదరాబాదు ఎం.ఎన్.జె. - ఈ పేర్లు వినని ఇల్లాలు ఉండదు. ఆ వైద్యం గురించి చరిత్ర చెప్పేవారు కూడా యంత్రాల గురించీ, ఆపరేషన్ల గురించీ చెబుతారు. కాని మన గుంటూరు, ప్రకాశం ప్రాంతాలలో రోగిని ఆ ఆసుపత్రి గుమ్మం దాకా చేర్చినవారు, తిరిగివచ్చాక కనిపెట్టుకుని ఉన్నవారు మరొకరున్నారు. వారే మన ఇంటి డాక్టరు. ఇవాళ వారి సంగతి కాస్త చెప్పుకుందాం.

మన పెద్దవాళ్ళు ఈ జబ్బును రాచపుండు అనేవారు. ఆ పేరు పైకి అనడానికే జంకేవారు. అందులోనూ ఆడవాళ్ళకు వచ్చే కాన్సర్లు రొమ్ముకో, గర్భసంచికో సంబంధించినవైతే ఎవరితో చెప్పుకుంటారు? మగ డాక్టరుకు చెయ్యి చాచి నాడి చూపించడమే సిగ్గనుకున్న రోజులవి. 1883 లో అన్నా సారా కుగ్లర్ అనే డాక్టరమ్మ అమెరికన్ లూథరన్ మిషను తరఫున గుంటూరు వచ్చారు. ఘోషా ఇళ్ళలోకి తానే వెళ్ళి వైద్యం చేశారు. 1898 లో ఆడవాళ్ళ కోసం ఆసుపత్రి తెరిచారు. 1930 లో కన్నుమూసేదాకా మన ఊరే తన ఊరనుకున్నారు. ఇప్పటికీ గుంటూరులో ఆ ఆసుపత్రిని కుగ్లర్ ఆసుపత్రి అనే అంటారు. ఇంట్లోకి వచ్చి, మన మంచం పక్కన కూర్చుని, చెప్పుకోలేని బాధను చెప్పించుకున్న డాక్టరు ఎంత అవసరమో మనవాళ్ళకు అలా తెలిసివచ్చింది.

తరువాత తెనాలి, బాపట్ల, చీరాల, నరసరావుపేట, ఒంగోలు వంటి ఊళ్ళలో ఎల్.ఎం.పి. డాక్టర్లు స్థిరపడ్డారు. ఎం.బి.బి.ఎస్. కన్నా చిన్న చదువు వారిది. అయినా మూడు తరాల వాళ్ళనూ పేరు పెట్టి పిలవగలిగేవారు. 1946 లో భోర్ కమిటీ దేశంలో డాక్టర్లందరికీ ఒకే స్థాయి చదువుండాలని చెప్పింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు పెట్టాలన్నదీ ఆ నివేదికలోనే. అదే సంవత్సరం గుంటూరులో మెడికల్ కాలేజీ వెలిసింది. అక్కడ చదువుకున్న ఎం.బి.బి.ఎస్. డాక్టర్లు క్రమంగా ఎల్.ఎం.పి.ల స్థానంలోకి వచ్చారు.

మరి ఆ డాక్టరుగారికి గడ్డ మీద అనుమానం వస్తే ఎక్కడికి పంపాలి? మొదట్లో మద్రాసు జనరల్ ఆసుపత్రే దిక్కు. అక్కడ 1934 లో బర్నార్డ్ ఇన్‌స్టిట్యూట్ పేర రేడియాలజీ సంస్థ పెట్టారు. ఆ తరువాత వచ్చింది అడయారు. దాని వెనుక ఒక స్త్రీ దుఃఖం ఉంది. డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డిగారి చెల్లెలు 1923 లో కాన్సరుతో పోయింది. ఆ బాధను ఆమె మనసులోనే దాచుకుని ఊరుకోలేదు. విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ అనే మహిళా సంఘంతో కలిసి ఏళ్ళ తరబడి పట్టుబట్టారు. 1952 లో నెహ్రూగారు పునాదిరాయి వేశారు. 1954 జూన్‌లో 12 పడకలతో ఆసుపత్రి మొదలయింది. మరుసటి ఏడు డాక్టర్ శాంతగారు అందులో చేరి, 2021 లో పరమపదించేదాకా అక్కడే సేవ చేశారు.

పునాది వేసేనాటికి మన జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోనివి. తలుపులు తెరిచేనాటికి మనది ఆంధ్ర రాష్ట్రం. రాష్ట్రం మారినా రైలు మారలేదు కదా! తెనాలిలోనో, చీరాలలోనో, ఒంగోలులోనో మద్రాసు బండి ఎక్కడమే. హైదరాబాదులో 1955 లో ఎం.ఎన్.జె. ఆసుపత్రి వచ్చాక, 1956 లో అదే మన రాజధాని కూడా అయ్యాక, రెండో దారి దొరికింది. 2000 లో బసవతారకం ఆసుపత్రి తెరిచారు.

భాష తెలియని ఊరికి, ఎన్నడూ చూడని ఆసుపత్రికి బయలుదేరే మనిషికి చేతిలో ధైర్యమేమిటంటే డాక్టరుగారు రాసిచ్చిన ఉత్తరం. గడ్డ ఎన్నాళ్ళ నుంచి ఉంది, ఎంత పెరిగింది, ఇంతకు ముందు ఏ మందులు వాడారు, చక్కెర ఉందా, గుండె ఎలా ఉంది - ఇదంతా ఉత్తరంలో ఉంటే అక్కడి స్పెషలిస్టుకు సగం పని తేలిక. అక్కడివారు తిరిగి రాసిన కాగితం చదివి, ఇంటివారికి మన మాటల్లో విడమరిచి చెప్పడం కూడా ఇంటి డాక్టరు పనే.

ఇంటి డాక్టరంటే అన్నీ తానే నయం చేసే మనిషి అనుకోకండి. తన చేతిలో లేనిదేదో గుర్తెరిగి, ఆలస్యం చేయకుండా పంపేవాడే మంచి డాక్టరు. ముక్క తీసి పరీక్షకు పంపకుండా నెలల తరబడి పైపూత మందులు రాస్తే, ఆ నెలలు మళ్ళీ రావు.

మన నేల సంగతి మీకు వేరే చెప్పాలా? పత్తీ మిరపా ఆడవాళ్ళ చెయ్యి లేకుండా ఇల్లు చేరవు. పత్తి తీతలు, కాయల కోతలు, కళ్ళాల్లో తాలుకాయలు ఏరడం - ఆ నెలల్లో ఊపిరాడదు. రొమ్ములో గడ్డ తగిలినా, ముట్టు ఆగిన తరువాత మళ్ళీ రక్తం కనబడినా, “కోతలయ్యాక చూద్దాంలే” అంటుంది ఇల్లాలు. వైద్యం మొదలుపెట్టాక కూడా ఇదే చిక్కు. కరెంటు పెట్టడం అని మనవాళ్ళనే రేడియేషన్, గర్భసంచి ముఖద్వారం కాన్సరుకు సుమారు ఐదు వారాలపాటు, వారానికి ఐదు రోజులు ఇస్తారు. ఆపైన లోపలి నుంచి ఇచ్చే రేడియేషన్ కూడా ఉంటుంది. మధ్యలో పనులున్నాయని ఇంటికి వచ్చేస్తే ఫలితం తగ్గిపోతుంది. ఆ సంగతి పెద్దాసుపత్రి డాక్టరు ఒకసారి చెప్పగలడు. ఆ ఇంటి పంట సంగతి, అప్పు సంగతి, అత్తగారి సంగతి తెలిసిన డాక్టరైతే భర్తను కూడా పిలిచి కూర్చోబెట్టి ఒప్పించగలడు.

2007 లో ఆరోగ్యశ్రీ వచ్చింది. ప్రభుత్వాలు మారినకొద్దీ దాని పేరు మారింది. కాని బీద కుటుంబాలకు కాన్సరు వైద్యం ఖర్చులో పెద్ద బరువు దిగింది. గుంటూరు జనరల్ ఆసుపత్రి ఆవరణలోనే నాట్కో ట్రస్టు కట్టించిన కాన్సరు విభాగం కూడా ఉంది. అంటే మద్రాసు బండి ఎక్కవలసిన అవసరం చాలామందికి తప్పింది. ఆసుపత్రి దగ్గరైంది. కాని విచిత్రం చూడండి, అదే కాలంలో పట్టణాలలో ఇంటి డాక్టరు మనకు దూరమయ్యారు. నడుము నొప్పికి ఒకరు, చక్కెరకు ఒకరు, కడుపుకు ఒకరు. కాన్సరు వస్తే ఆపరేషనుకు ఒకరు, రేడియేషన్‌కు ఒకరు, మందులెక్కించడానికి ఇంకొకరు. అందరూ గొప్పవారే. అయితే ఈ మందు ఆ మందుకు సరిపడుతుందా అని చూసేదెవరు? రాత్రి పదింటికి జ్వరం వస్తే ఎవరికి ఫోను చేయాలి?

ఈ లోటు ప్రభుత్వం వారు కూడా గుర్తించారు. 2023 ఏప్రిల్ 6 న చిలకలూరిపేట దగ్గర లింగంగుంట్లలో ఫ్యామిలీ డాక్టర్ అనే పథకాన్ని ప్రారంభించారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు నెలకు రెండుసార్లు ఊరికి వచ్చి, మంచాన పడ్డవారిని ఇంటికి వెళ్ళి చూడాలన్నది అందులోని ఆలోచన. పథకాలు వస్తుంటాయి, పోతుంటాయి. కాని పత్తి, మిరప పండే ఊళ్ళ మధ్య నిలబడి, ఊరికొక డాక్టరు కావాలని మళ్ళీ అనుకోవలసి వచ్చిందంటే, కుగ్లరమ్మ ఇల్లిల్లూ తిరిగిన నాటి అవసరం ఇంకా తీరలేదన్నమాట.

మరి పట్నంలో ఉన్న మనం చేయవలసిందేమిటి? జబ్బు లేనప్పుడే దగ్గరలో ఉన్న ఒక ఎం.బి.బి.ఎస్. డాక్టరును ఎంచుకుని, ఇంటిల్లిపాదీ ఆయన దగ్గరకో ఆమె దగ్గరకో వెళ్ళడం అలవాటు చేసుకోండి. 30 ఏళ్ళు దాటినవారికి నోటికీ, రొమ్ముకూ, గర్భసంచి ముఖద్వారానికీ ఐదేళ్ళకొకసారి పరీక్ష చేయాలని 2016 లో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. అది అడిగి చేయించుకోండి. కాన్సరని తేలితే ముక్క పరీక్ష రిపోర్టు, ఆపరేషను వివరాలు, ఎక్కించిన మందుల పేర్లు, డిశ్చార్జి కాగితం ఒకే ఫైలులో పెట్టి, ఆసుపత్రి నుంచి వచ్చిన వారంలోపే మీ డాక్టరుకు చూపించండి. మందులెక్కించుకునే రోజుల్లో జ్వరం వస్తే మాత్రం ఇంట్లో మాత్ర వేసుకుని కూర్చోకండి. ఆ పూటే ఆసుపత్రికి పోవాలి. ఆ సంగతి ముందే మాట్లాడి, ఎవరికి ఫోను చేయాలో ఆ నంబరు గోడ మీద రాసిపెట్టుకోండి.

నయం కాని దశ ఒకటుంటుంది. అప్పుడు పెద్దాసుపత్రి ఇంటికి పంపేస్తుంది. ఆ బాధ తగ్గించే మార్ఫిన్ మందు 1985 నాటి చట్టం వల్ల దొరకడమే కష్టమైపోయింది. 2014 లో ఆ చట్టాన్ని సవరించి కాస్త దారి తీశారు. ఆ మందు ఎక్కడ దొరుకుతుందో కనుక్కుని, చివరి రోజుల్లో మంచం పక్కన కూర్చునే డాక్టరు ఉన్న ఇల్లు అదృష్టవంతమైన ఇల్లు.

మీ ఇంటి డాక్టరు పేరేమిటని ఎవరైనా అడిగితే మీరేం చెబుతారు? చెప్పడానికి పేరు లేకపోతే, ఈ వారమే ఒకరిని వెతుక్కోండి.

ఉంటాను మరి, సెలవు.