కావలి లక్ష్మయ్యగారికి దక్కని పదవి

దక్షిణదేశచరిత్రము రచించువారికి మెకంజీ కైఫీయతులు ముఖ్యాధారములు. వానిని సమకూర్చిన కావలి సోదరుల పాండిత్యమును మనవారు తఱచుగా కొనియాడుదురు. వారిలో లక్ష్మయ్యగారికి ఉద్యోగోన్నతివిషయమున జరిగిన పక్షపాతమును మాత్రము అంతగా విచారింపరు.

ఏలూరివారగు వేంకట బొఱ్ఱయ్యగారు 1796లో మెకంజీ కొలువున ప్రవేశించిరి. హిందూవిజ్ఞానమునకు తనకు ద్వారమైనవారు ఈయనయే యని మెకంజీ 1817 నాటి లేఖలో అంగీకరించెను. 1803లో బొఱ్ఱయ్యగారు అకాలమరణ మందగా, తమ్ముడు లక్ష్మయ్యగారు ఆ భారమును వహించిరి. ఊరూరికిని సహాయకులను పంపి శాసనప్రతులను, తాళపత్రములను, గ్రామవృత్తాంతములను తెప్పించి భద్రపఱచిరి. మెకంజీ 1815లో భారతదేశ సర్వేయరు జనరల్ అయ్యెను. లక్ష్మయ్యగారు సహాయకులుగనే యుండిరి.

1821లో మెకంజీ గతించెను. ఆ సంచయమును కుంపిణీవారు లక్షరూపాయలకు కొనిరి. 1828లో దానికి పట్టిక ప్రకటించి కీర్తి వడసినవాడు విల్సన్ పండితుడు. ఆయనకు దక్షిణభాషలు రావు. దేశీయ సహాయకులు వ్రాసిన ఆంగ్లసంగ్రహములే ఆయనకు కన్నులు.

అనంతరము, మదరాసు హిందూసాహిత్యసంఘమునకు అధ్యక్షులుగా నుండిన లక్ష్మయ్యగారు, నిలిచిపోయిన పరిశోధనమును తాము సాగింతుమని ప్రభుత్వమునకు విన్నవించిరి. 1836లో ఆ విన్నపము కలకత్తాలోని ఆసియాటిక్ సంఘమువారి అభిప్రాయమునకై వచ్చెను. కార్యదర్శియగు ప్రిన్సెప్ ఇచ్చిన సమాధానముయొక్క సారమిది: అట్టి కార్యమునకు లక్ష్మయ్యగారి యోగ్యత చాలదు, ఆ మాటకు వచ్చినచో ఏ దేశీయుని యోగ్యతయు చాలదు. పిమ్మట ఆ వ్రాతప్రతుల పరీక్ష మదరాసునందలి టైలరు అను మతబోధకునికి అప్పగింపబడెను.

ప్రిన్సెప్ సామాన్యుడు కాడు. 1837లో బ్రాహ్మీలిపి రహస్యమును భేదించిన మేధావి. లక్ష్మయ్యగారు సమర్పించిన సంగ్రహమున ఆయనకు లోపములు కనబడియుండవచ్చును. అట్టి విమర్శ ఒక రచనకు వర్తించును. ‘ఏ దేశీయుడును’ అనుమాట ఏ రచనను చదివియు చెప్పదగినది కాదు. అది పరీక్షకు పూర్వమే చేసికొన్న తీర్పు. పత్రములను వెదకి తెచ్చుటకు చాలినవాడు వాని అర్థమును నిర్ణయించుటకు చాలడనుటలో న్యాయ మెక్కడ?

లక్ష్మయ్యగారికి ఆ పదవిని ఇప్పుడు మన మీయజాలము. కైఫీయతులను ఉదాహరించునప్పుడు మెకంజీపేరి సరసన వారి పేరును వ్రాయుట మాత్రము మన చేతిలోనిదే.