బహుదిన అటవీ నడక: మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతం

పాత చిత్తూరు జిల్లా పడమటి పీఠభూమిలో రెండు మూడు రోజులు అడవి వెంబడి సాగే కాలినడకకు చేసుకునే ఏర్పాట్లు ఈ వ్యాస విషయం. మూడు పట్టణాలూ సముద్రమట్టానికి 600 మీటర్లకు పైనే ఉన్నాయి. చుట్టూ ఉన్నది ఎక్కువగా ఆకురాల్చే అడవి, ముళ్లపొద, గుండురాళ్ల గుట్టలు. హిమాలయాల నడక పుస్తకాల్లో ఎత్తుకూ చలికీ ఉండే ప్రాధాన్యం ఇక్కడ నీటికీ ఏనుగులకూ ఉంటుంది. అందుకే రోజుకు ఎన్ని కిలోమీటర్లు నడవాలన్నది తర్వాతి మాట. రాత్రి మజిలీ ఎక్కడ అన్నది తేల్చుకొని, అక్కడినుంచి వెనక్కి లెక్క వేసుకోవాలి.

మదనపల్లె వైపు ప్రధాన గమ్యం హార్స్లీ హిల్స్. స్థానిక నామం ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు సాకిన మల్లమ్మ అనే స్త్రీ ఇక్కడ ఉండేదన్న కథ మీద ఈ పేరు నిలిచింది. కడప కలెక్టర్ డబ్ల్యు.డి. హార్స్లీ 1870లో ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడని చాలామంది రాస్తారు. మదనపల్లె అప్పట్లో కడప జిల్లాలోది, తర్వాత 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాలో చేరింది. అయితే కొండపై అటవీ బంగళాకు 1863, పేరుపొందిన పెద్ద నీలగిరి చెట్టుకు 1859 అని చెబుతారు. ఈ రెండూ నిజమైతే 1870ని కొండ వాడుకలోకి వచ్చిన ఏడాదిగా కాక, ఆయన సొంత నివాసానికి సంబంధించిన ఏడాదిగా చూడడమే సబబు. ఎత్తు విషయంలోనూ ఏకాభిప్రాయం లేదు. 1,265 మీటర్లని కొందరు, 1,290కి దగ్గరగా మరికొందరు ఇస్తారు. నడిచేవాడికి ఆ తేడా పావుగంట కూడా కాదు.

స్కాట్లాండ్‌కు చెందిన నైస్మిత్ నడక సమయం అంచనాకు 1892లో ఇచ్చిన సూత్రం ప్రకారం ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎత్తుకు మరో గంట. మదనపల్లె నుంచి కొండపైకి దారి సుమారు 30 కిలోమీటర్లు, ఎక్కుడు 570 మీటర్ల వరకు. అంటే లెక్క ఏడు గంటలకు తేలుతుంది. ఇది మూపున బరువు లేనివాడి లెక్క, చల్లని దేశపు లెక్క. నీళ్ల మూటతో, మన ఎండలో ఒకటిన్నర రోజు పెట్టుకోవడం మేలు.

పుంగనూరు ఈ దారిలో మజిలీ ఊరుగానే ఎక్కువ ఉపయోగపడుతుంది. పొట్టి ఆవులతో దేశమంతా తెలిసిన ఈ ఊరి చుట్టుపక్కల గుట్టలు ఒక పూట నడకకు చాలినా, రోజుల తరబడి నడకకు చిన్నవనే చెప్పాలి.

పలమనేరు నుంచి కుప్పం వరకు సంగతి వేరు. 1990లో ప్రకటించిన కౌండిన్య వన్యప్రాణి అభయారణ్యం విస్తీర్ణం సుమారు 357 చదరపు కిలోమీటర్లు. వెడల్పు తక్కువై పొడవుగా సాగిన అడవి ఇది. పాలారులో కలిసే కౌండిన్య, కైగల్ ఏర్లు ఇందులో పారుతాయి. పలమనేరు–కుప్పం రోడ్డుకు దగ్గరలోని కైగల్ జలపాతాన్ని దుముకురాళ్లు అంటారు. దాదాపు రెండు శతాబ్దాలు ఏనుగులే లేని ఈ సీమకు 1980ల తొలి సగంలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి మందలు వచ్చాయి. 1986 అని రాసినవారూ ఉన్నారు. అది బహుశా మందలు స్థిరపడిన కాలం కావచ్చు.

అడవి సన్నగా ఉండడమే ఇక్కడి అసలు చిక్కు. పగలు లోపల ఉన్న ఏనుగు పొద్దుగుంకగానే రాగి, వరి, చెరకు చేలకు దిగుతుంది. మనిషి గుడారం వేసుకోవాలనుకునే అడవి అంచే దాని రాకపోకల దారి. మందకన్నా ఒంటరి మగ ఏనుగు ప్రమాదం. పైగా అడవిపందుల కోసం కొందరు దొంగచాటుగా లాగే కరెంటు తీగలు ఏనుగులను చంపుతున్నాయి, చీకట్లో నడిచే మనిషినీ విడిచిపెట్టవు. కాబట్టి నడక తెల్లవారాక మొదలై సాయంత్రం నాలుగు లోపు ముగియాలి, పడక ఊళ్లోనో అటవీశాఖ అనుమతించిన చోటనో ఉండాలి. రామకుప్పం మండలం ననియాలలోని అటవీ శిబిరం, పలమనేరు దగ్గర ముసలిమడుగు కుంకీ (శిక్షణ పొందిన) ఏనుగుల శిబిరం వంటి చోట్ల సిబ్బందిని అడిగితే మంద ఆ వారం ఎటుందో తెలుస్తుంది. ఏ పటమూ ఆ మాట చెప్పదు.

అనుమతి లాంఛనం కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 27, 28 సెక్షన్ల ప్రకారం అభయారణ్య ప్రవేశానికి అనుమతిపత్రం కావాలి. నిప్పు పెట్టడాన్ని 30వ సెక్షన్ నిషేధిస్తుంది. పొయ్యి మీద వంట అనుకున్నవారు ఇక్కడే మనసు మార్చుకోవాలి. సద్దిమూటే దిక్కు: వేయించిన రాగిపిండి, బొరుగులు, చెనక్కాయలు, బెల్లం. మదనపల్లె టమాటా ఎంత చవకైనా మూటలో బరువే.

నీటి లెక్క కఠినం. మనిషికి రోజుకు నాలుగు లీటర్లు, అంటే నాలుగు కిలోలు. రెండు రోజులదీ మోస్తే ఎనిమిది. ఏటి నీటిని కాచుకోవడానికి నిప్పు కుదరదు కనుక క్లోరిన్ మాత్రలు లేదా ఫిల్టరు ఉండాలి. నవంబరు చివర నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. మార్చి తర్వాత చెలమలు ఎండుతాయి, కార్చిచ్చులు మొదలవుతాయి. ఈశాన్య రుతుపవనాల రోజుల్లో ఏర్లు ఉన్నట్టుండి పొంగుతాయి.

పాముకాటుకు కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం పాత అలవాట్లు, మూడూ హానికరమే. కాటు తగిలిన అవయవాన్ని కదలనీయకుండా ఆసుపత్రికి చేర్చాలి. మదనపల్లె, పలమనేరు ప్రభుత్వాసుపత్రులు, కుప్పంలోని పీఈఎస్ వైద్య కళాశాల ఆసుపత్రి ఈ దారికి దగ్గర. ఫోను అందని లోయలు ఉంటాయి గనుక రోజువారీ మజిలీల పట్టిక ఇంట్లోనూ అటవీ కార్యాలయంలోనూ ఇచ్చి వెళ్లాలి.

ట్రెక్కింగ్ అనే మాట రాకముందే ఈ సీమకు తెలిసిన బహుదిన నడక తిరుమల పాదయాత్ర. మదనపల్లె నుంచి పీలేరు, భాకరాపేట, శ్రీనివాసమంగాపురం మీదుగా శ్రీవారి మెట్టు చేరడానికి నాలుగైదు రోజులు పడుతుంది. బృందంగా కదలడం, చీకటి పడేలోపు గుడిలోనో సత్రంలోనో వాలడం, బరువును బండిలో వేయడం అందులోని పద్ధతి. పై నియమాల్లో సగం ఇవే. అయితే అక్కడా అడవి అడవే. 2023 ఆగస్టులో తిరుమలకు వెళ్లే అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నారిని చంపిన తర్వాత, పిల్లలను మధ్యాహ్నం దాటాక మెట్లదారిలోకి పంపకుండా దేవస్థానం ఆంక్షలు పెట్టింది.