టెక్నో: బొలోన్యా కార్ట్‌ల కార్ఖానా చరిత్రపై ఒక పునఃపరిశీలన

ఇటలీ మోటారు పందాల చరిత్రకారులు టెక్నో సంస్థను ప్రస్తావించినప్పుడల్లా దాదాపుగా 1972, 1973 సంవత్సరాల ఫార్ములా వన్ వైఫల్యంతోనే మొదలుపెట్టి దానితోనే ముగిస్తారు. ఆ రెండేళ్లకు ముందు పదేళ్లపాటు, మొదట గో-కార్ట్‌లను, ఆ తరువాత చిన్న తరగతుల రేసు కార్లను తయారుచేసి అమ్మిన కాలం వారి రచనల్లో ఒకటి రెండు వాక్యాల పీఠికగా మిగిలిపోతుంది. ఈ క్రమం తలకిందులైనదని, సంస్థ అసలు ప్రతిభ కార్ట్‌ల నిర్మాణంలోనే రూపుదిద్దుకుందని, చివరి పతనానికి కారణాలు కూడా ఆ తొలి దశతో పోల్చినప్పుడే స్పష్టపడతాయని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కార్ట్ అనేది అమెరికాలో పుట్టిన వాహనం. 1956లో లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో, కర్టిస్ క్రాఫ్ట్ అనే రేసు కార్ల సంస్థలో పనిచేస్తున్న ఆర్ట్ ఇంగెల్స్, స్నేహితుడు లూ బొరెల్లి సహాయంతో ఉక్కు గొట్టాల చట్రానికి గడ్డికోత యంత్రాల కోసం తయారైన చిన్న ఇంజిన్‌ను బిగించి దీనికి తొలిరూపం ఇచ్చాడు. రెండు మూడేళ్లలోనే ఆ ప్రాంతంలో డజన్ల కొద్దీ తయారీదారులు పుట్టుకొచ్చారు. చెట్లుకోసే రంపాలకు పేరుపడ్డ మెక్‌కల్లక్ సంస్థ 1959లో కార్ట్‌ల కోసమే ప్రత్యేకంగా ఇంజిన్‌ను విడుదల చేసింది. అదే దశకం చివరికి ఈ క్రీడ ఐరోపాకు చేరింది. అమెరికాలో ఇది ప్రధానంగా ఇంటి వెనుక షెడ్డులో బిగించుకునే విడిభాగాల వ్యాపారంగా సాగితే, ఇటలీలో మాత్రం మోటారు సైకిళ్ల ఇంజిన్లలో ఆరితేరిన పనివారు, చిన్న లేతు కార్ఖానాలు, పందాలపట్ల స్థానికుల అభిమానం ముందే సిద్ధంగా ఉండటంవల్ల, కార్ట్ మొదటినుంచీ పందెపు యంత్రంగానే ఎదిగింది. 1962లో అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య ఈ క్రీడకు ప్రత్యేక సంఘాన్ని ఏర్పరచగా, 1964లో తొలి ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగింది.

లుచానో, జాన్‌ఫ్రాంకో పెదెర్జానీ అనే అన్నదమ్ములు టెక్నోను ప్రారంభించింది ఈ సంధికాలంలోనే. వారి ప్రధాన వ్యాపారం హైడ్రాలిక్ పంపుల తయారీ, అంటే నూనె ఒత్తిడితో యంత్రభాగాలను కదిలించే పంపులను చేయడం. కార్ట్‌ల విషయంలో ఈ నేపథ్యాన్ని అప్రధానమైన వివరంగా తీసిపారేయలేము. పంపులో కదిలే భాగాల మధ్య సందు మిల్లీమీటరులో చిన్న భాగమంత తేడా వచ్చినా ఒత్తిడి నిలవదు కాబట్టి, అలాంటి పని చేసే కార్ఖానాకు కొలతల్లో కచ్చితత్వం, ఒకే వస్తువును వందసార్లు ఒకే తీరుగా తయారుచేసే క్రమశిక్షణ సహజంగా అలవడతాయి. బొలోన్యా నగరం కూడా ఇందుకు అనువైన చోటే. మాసెరాటి సంస్థ పుట్టింది అక్కడ, డుకాటి కార్ఖానా ఉన్నదీ అక్కడే.

కార్ట్ చట్రాన్ని తయారుచేయడం చూడటానికి సులువైన పని. వంచిన ఉక్కు గొట్టాలను వెల్డింగుతో అతికించి, ముందు రెండు చక్రాలు, వెనుక ఒక ఇరుసు, మధ్యన సీటు బిగిస్తే బండి తయారైనట్టే కనిపిస్తుంది. నిజానికి అక్కడే చిక్కంతా ఉంది. కార్ట్‌కు స్ప్రింగులు గానీ షాక్ అబ్జార్బర్లు గానీ ఉండవు. మామూలు కారులో మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం నెమ్మదిగానూ బయటి చక్రం వేగంగానూ తిరిగేందుకు వీలు కల్పించే డిఫరెన్షియల్ అనే పళ్లచక్రాల అమరిక కూడా ఉండదు. వెనుక రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు గట్టిగా బిగిసి ఉండటంవల్ల రెండూ ఒకే వేగంతో తిరగక తప్పదు. మలుపులో లోపలి చక్రం తక్కువ దూరం పోవలసి ఉండగా ఇరుసు దానిని ఎక్కువ తిప్పుతుంది. ఫలితంగా టైరు నేలమీద రాసుకుంటుంది, బండి తిరగనని మొరాయిస్తుంది. దీనికి ఒకటే విరుగుడు, మలుపు మొదట్లో లోపలి వెనుక చక్రాన్ని క్షణకాలం నేలనుంచి పైకి లేపడం. స్టీరింగ్ తిప్పినప్పుడు లోపలివైపు ముందు చక్రం కిందికీ బయటిది పైకీ కదిలేలా ముందు చక్రాల అమరికను వాల్చుతారు. ఆ కదలికకు చట్రం మెలితిరిగి, ఎదురుమూలలో ఉన్న బయటి వెనుక చక్రం మీద బరువు మోపి, లోపలి వెనుక చక్రాన్ని తేలికచేస్తుంది. చట్రం మరీ బిగుతుగా ఉంటే లేచిన చక్రం సకాలంలో దిగదు, మరీ మెత్తగా ఉంటే అసలు లేవదు. అందుచేత కార్ట్‌లో చట్రమే స్ప్రింగు పని చేస్తుంది. గొట్టం వ్యాసం, గోడ మందం, అడ్డగొట్టం ఎక్కడ అతకాలన్న నిర్ణయం, చివరికి సీటును ఎక్కడెక్కడ బోల్టులతో బిగించారన్న సంగతి కూడా బండి నడకను మార్చేస్తాయి. డ్రైవరు బరువు ఇంచుమించు బండి బరువంత ఉంటుంది కాబట్టి సీటును రెండు సెంటీమీటర్లు ముందుకు జరిపినా మెకానిక్‌కు తేడా తెలుస్తుంది. చట్రాన్ని ఏ మేరకు వంగనివ్వాలో తేల్చుకునేందుకు ఆనాడు కంప్యూటర్లు లేవు. ట్రాక్ మీద నడపడం, గొట్టాన్ని కోయడం, మళ్లీ అతకడం అన్నదే ఆనాటి తయారీదారుల ప్రయోగశాల.

టెక్నో చట్రాలకు జతగా ఎక్కువగా వాడింది పారిల్లా పేరుతో వచ్చిన 100 సి.సి. రెండు స్ట్రోకుల ఇంజిన్‌ను. మిలాన్‌లో మోటారు సైకిళ్లు తయారుచేసిన సంస్థ పేరది. సాధారణ రెండు స్ట్రోకుల ఇంజిన్‌లో ఇంధనమూ గాలీ కలిసిన మిశ్రమం లోపలికి వచ్చే రంధ్రాన్ని పిస్టనే తెరిచి మూస్తుంది కాబట్టి, తెరుచుకునే వేళకూ మూసుకునే వేళకూ మధ్య సమతూకం తప్పనిసరి. కార్ట్ పందాల్లో ఆధిపత్యం సాధించిన రోటరీ వాల్వ్ పద్ధతిలో, క్రాంక్ షాఫ్ట్‌తోపాటు తిరిగే పలుచని బిళ్లలోని కోత ఆ పని చేస్తుంది. తెరిచే వేళనూ మూసే వేళనూ విడివిడిగా నిర్ణయించుకోవచ్చు గనుక ఎక్కువ వేగాల్లో మిశ్రమం బాగా నిండుతుంది. క్లచ్చు లేదు, గేర్లు లేవు. ఇంజిన్ నుంచి గొలుసు నేరుగా ఇరుసుకు వెళ్తుంది.

ఈ చట్రం, ఈ ఇంజిన్ కలయికతో గ్విదో సాలా 1964లో తొలి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు, 1965లో ఆ బిరుదు నిలుపుకున్నాడు. 1966లో టెక్నో మీదనే సుసన్నా రగనెల్లి గెలిచి ఆ బిరుదును పొందిన తొలి మహిళ అయింది. మగవారితో సమానంగా, ఎలాంటి ప్రత్యేక విభాగమూ లేకుండా జరిగిన ఆ పోటీలో ఆమె వెనుక నిలిచినవారిలో స్వీడన్‌కు చెందిన రోనీ పీటర్సన్ ఉన్నాడు. అతడు తరువాతి కాలంలో ఫార్ములా వన్‌లో రెండుసార్లు ప్రపంచ ఛాంపియన్‌షిప్ రెండో స్థానం పొందిన డ్రైవరు. వరసగా మూడేళ్లు ప్రపంచ బిరుదు ఒకే చట్రం మీద రావడం డ్రైవరు ప్రతిభతో మాత్రమే సాధ్యమయ్యేది కాదు. డ్రైవర్లు మారినా గెలుపు మారకపోవడమే తయారీదారు నైపుణ్యానికి గట్టి రుజువు.

పెదెర్జానీలు 1960ల మధ్యలో కార్ట్‌ల నుంచి చిన్న కార్లకు, అక్కడినుంచి ఫార్ములా త్రీకి అడుగువేశారు. ఆనాటి ఫార్ములా త్రీలో 1,000 సి.సి. ఇంజిన్లు వాడేవారు, అవి ఎక్కువగా ఫోర్డ్ ఇంజిన్ ఆధారంగా బయటి నిపుణులు పదునుపెట్టినవి. ఇటలీలో ఈ పని చేసినవారిలో నోవరా పట్టణంలోని నోవామోటర్ ముఖ్యమైనది. దాని యజమానుల ఇంటిపేరు పెద్రజ్జానీ కావడంవల్ల టెక్నోవారి పెదెర్జానీతో తారుమారై కొన్ని రచనల్లో రెండు కుటుంబాలూ ఒకటైపోయాయి; వారిది వేరు కుటుంబం, వేరు కార్ఖానా.

టెక్నో ఫార్ములా త్రీ కారును అప్పటి పత్రికలు పెద్ద కార్ట్‌గా వర్ణించడం పరిపాటి. ఆ వర్ణనలో సగమే నిజం. ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరాన్ని వీల్‌బేస్ అంటారు. అది తక్కువైతే బండి చురుగ్గా దిశ మార్చుకుంటుంది, అదే కారణంతో అదుపు తప్పేందుకూ త్వరపడుతుంది. పొట్టి వీల్‌బేస్, తక్కువ బరువు, డ్రైవరును ముందుకు జరిపి కూర్చోబెట్టడం, సన్నని గొట్టాల అల్లికతో చేసిన చట్రం అన్నవి కచ్చితంగా కార్ట్ అనుభవం నుంచి వచ్చినవే. అయితే స్ప్రింగులు ఉన్న కారులో చట్రం మెలితిరగకూడదు. కార్ట్‌లో ఏ గుణాన్ని పెంచిపోషించారో దానినే ఇక్కడ అణచివేయవలసి వచ్చింది. పాత అలవాటులో దేన్ని వెంట తెచ్చుకోవాలో, దేన్ని వదిలేయాలో సరిగ్గా గుర్తించగలగడమే లుచానో పెదెర్జానీ ఘనతగా చెప్పుకోవాలి.

ఫలితాలు త్వరగానే వచ్చాయి. 1968లో ఫ్రాన్సు ఫార్ములా త్రీ ఛాంపియన్‌షిప్‌ను ఫ్రాన్సువా సెవెర్ టెక్నో మీద గెలిచాడు. మొనాకోలో అప్పట్లో ఏటా జరిగిన ప్రతిష్ఠాత్మకమైన ఫార్ములా త్రీ రేసును అదే ఏడాది జాన్-పియెర్ జొస్సో, మరుసటి ఏడాది పీటర్సన్ టెక్నో కార్లతోనే గెలిచారు. స్విట్జర్లాండ్ డ్రైవరు క్లే రెగజ్జోనీ 1970లో టెక్నోతో ఐరోపా ఫార్ములా టూ ఛాంపియన్ అయ్యాడు. అదే సంవత్సరం అతడు ఫెరారీ డ్రైవరుగా మోంజాలో ఇటలీ గ్రాండ్ ప్రి కూడా గెలవడం గమనించదగ్గది. ఫార్ములా టూలో ఇంజిన్ ఇంగ్లండులోని కాస్‌వర్త్‌ది. అంటే సంస్థ విజయాలన్నీ ఒకే పద్ధతిలో నడిచాయి: చట్రం సొంతం, ఇంజిన్ వేరేవారిది, డబ్బు కార్లు కొనే ఖాతాదారులది.

ఫార్ములా వన్‌లోకి వెళ్లినప్పుడు ఈ పద్ధతిని ఇంజిన్, డబ్బు అనే రెండు వైపులా ఒకేసారి వదిలేశారు. కాస్‌వర్త్ ఇంజిన్ డబ్బిచ్చిన ఎవరికైనా దొరుకుతున్న రోజుల్లో, పెదెర్జానీలు సొంతంగా పన్నెండు సిలిండర్ల, మూడు లీటర్ల ఇంజిన్‌కు పూనుకున్నారు. సిలిండర్లు ఆరు ఒకవైపు, ఆరు మరొకవైపు అడ్డంగా పడుకున్నట్టు ఉండే ఈ అమరికను ఫెరారీ అంతకుముందే విజయవంతంగా వాడుతోంది. ఖాతాదారుల స్థానంలో మార్టిని అనే పానీయాల సంస్థ ప్రాయోజకత్వం వచ్చింది. జట్టు వ్యవహారాల్లో మార్టిని తరఫున డేవిడ్ యార్క్‌కు ప్రమేయం ఏర్పడింది. పీఏ123 అని పేరుపెట్టిన కారు 1972 బెల్జియం గ్రాండ్ ప్రిలో నానీ గల్లి చేతిలో తొలిసారి ప్రపంచ ఛాంపియన్‌షిప్ రేసుకు దిగింది. ఆ రేసులో గల్లి కారు అదుపుతప్పగా, దానిని ఢీకొని ఆగిపోయింది రెగజ్జోనీ నడుపుతున్న ఫెరారీయే. ఛాంపియన్‌షిప్‌తో సంబంధం లేని వల్లెలుంగా రేసులో గల్లికి మూడో స్థానం దక్కినా, అక్కడ పోటీపడిన కార్లు అతి తక్కువ గనుక దానికి ఎక్కువ విలువ ఇవ్వలేము.

ఇంజిన్ బరువు, తరచూ వచ్చే లోపాలు 1973లోనూ వదలలేదు. అంతకన్నా లోతైన లోపం యజమానులకూ ప్రాయోజకులకూ మధ్య పెరిగిన అభిప్రాయభేదం. దాని ఫలితంగా ఒకే ఏడాదిలో అలన్ మెక్‌కాల్ ఒకటి, గోర్డన్ ఫౌవెల్ మరొకటి రూపొందించిన రెండు వేరువేరు చట్రాలు తయారయ్యాయి. చిన్న జట్టు ఒక చట్రాన్ని సరిదిద్దుకోవడానికే సతమతమవుతుంటే రెండోదాన్ని నెత్తిన వేసుకోవడం ఏ లెక్కన చూసినా వివేకం కాదు. న్యూజిలాండ్ డ్రైవరు క్రిస్ ఏమన్ జోల్డర్‌లో జరిగిన బెల్జియం గ్రాండ్ ప్రిలో ఆరో స్థానం పొంది ఒక పాయింటు సంపాదించాడు. టెక్నోకు ఫార్ములా వన్‌లో మిగిలిన పాయింటు అదొక్కటే. ఆస్ట్రియా రేసు తరువాత అతడు జట్టును విడిచిపెట్టాడు, మార్టిని తప్పుకుంది, సంస్థ పందాల నుంచి వైదొలగింది.

దీనిని కేవలం డబ్బు చాలక జరిగిన పతనంగా వివరించడం సరికాదు. మార్టిని వంటి ప్రాయోజకులు ఆనాడు చాలా జట్లకు దొరకలేదు. చట్రం నిర్మాణంలో పెదెర్జానీల పరిజ్ఞానం పదేళ్ల కాలంలో, వందలాది బండ్లు అమ్మి, ఖాతాదారులు ట్రాక్‌ల మీద విరగ్గొట్టుకుని తిరిగి తెచ్చిన ముక్కలను చూసి సంపాదించుకున్నది. పన్నెండు సిలిండర్ల ఇంజిన్‌కు అలాంటి ఖాతాదారులు లేరు. దాని ప్రతి లోపమూ గ్రాండ్ ప్రి రేసులోనే, పత్రికల కళ్లెదుటే బయటపడింది. కాస్‌వర్త్ ఇంజిన్ కొనుక్కుని తాము బాగా ఎరిగిన చట్రం మీదనే దృష్టి పెట్టి ఉంటే టెక్నో గ్రాండ్ ప్రి గెలిచేదని చెప్పలేము గానీ, మార్చ్ వంటి కొత్త సంస్థలు అదే దారిలో 1970ల ఆరంభంలో నిలదొక్కుకున్న సంగతి కళ్లెదుట ఉంది.